యమున ఒడ్డున నేర్పిన సముద్రం

నాకు పదవీ విరమణ సభ జరగలేదు. శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. గెస్టు లెక్చరరుకి పదవే ఉండదు కాబట్టి విరమణ కూడా ఉండదు. ఇరవై రెండేళ్లు ఢిల్లీలో ఒక యూనివర్సిటీలోనూ, మధ్యలో కొన్నేళ్లు ఫరీదాబాద్‌లో ఇంకో ప్రైవేటు యూనివర్సిటీలోనూ తీరప్రాంత అధ్యయనాలు అనే సబ్జెక్టు పార్ట్ టైముగా చెప్పాను. సముద్రం, రేవులు, చేపలు, తుఫాన్లు, ఒడ్డున బతికే జనం, వీటన్నిటినీ కలిపి చదివించే ఎమ్మే అది. సముద్రానికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో.

ఈమధ్య ఇలాంటి పనిలోనే చేరుతున్న ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి సలహా అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబితే ఒక్కొక్కరికీ విడివిడిగా కోపం వస్తుంది. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నాకు ఒక్కటీ రాలేదు.

వలల కొట్టు

మాది కాకినాడ. రేవుకి దగ్గర్లో మా నాన్నకి వలల కొట్టు ఉండేది. వలలు, నైలాన్ తాళ్లు, బెండ్లు, సీసపు గుండ్లు. నేను పలక కన్నా ముందు బేరం నేర్చుకున్నాను. కొనేవాడు మొహం చిట్లిస్తే ఎంత తగ్గాలి, చెప్పులేసుకుంటే ఎంత తగ్గాలి, నిజంగా వెళ్లిపోయేవాడి నడక ఎలా ఉంటుంది, వెనక్కి పిలిపించుకోవాలని వెళ్లేవాడి నడక ఎలా ఉంటుంది, ఇవన్నీ పదేళ్లకే తెలుసు. ఈ చదువు యూనివర్సిటీలో నాకు డాక్టరేటు కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఎక్కువ చెడుపు చేసింది కూడా అదే. ఆ సంగతికి వస్తాను.

కొట్టులో మా నాన్న ధర దగ్గర ఎంతైనా వంగేవాడు. వల కన్ను దగ్గర, అంటే అల్లికలో సందు ఎంత ఉండాలన్న దగ్గర, మాత్రం వంగేవాడు కాదు. ఎవరైనా వచ్చి, "ఆ సైజు వల అయిపోతే దగ్గర్లో ఉన్నది ఇచ్చెయ్యండి షావుకారూ, కాస్త తగ్గించి" అంటే, "ధర అడుగు, మాట్లాడదాం. కన్ను మార్చమనకు. చేప జారిపోయాక నా కొట్టుకొచ్చి అరుస్తావు" అనేవాడు. అరవై దాటాక అర్థమైంది నాకు ఆ మాట.

మా ఆవిడకి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. నేను ఆవిడ వెంట వచ్చినవాణ్ణి. జనక్‌పురిలో ఇల్లు. వచ్చిన కొత్తలో ఎవరైనా "మీ సబ్జెక్టు ఏమిటి?" అంటే "సముద్ర తీరాలు" అనేవాణ్ణి. "అచ్ఛా, మరి ఇక్కడేం చేస్తున్నారు?" అనేవారు. న్యాయమైన ప్రశ్న. ఇరవై రెండేళ్లలో జవాబు దొరకలేదు.

ఇంటర్వ్యూ, తాళంచెవి, హాస్టలు

గెస్టు లెక్చరరుని ఆరు నెలలకోసారి కొత్తగా తీసుకుంటారు. అంటే ఆరు నెలలకోసారి ఇంటర్వ్యూ. ముందు వారం నాతో కలిసి టీ తాగిన మనుషులే బల్లకి అటువైపు కూర్చుని, "మీ గురించి చెప్పండి" అంటారు. మొదటి రెండుసార్లు చెప్పాను. తర్వాత "కిందటిసారి చెప్పినట్టే ఉన్నాను సార్, కాస్త జుట్టు తగ్గింది" అనడం మొదలుపెట్టాను. నవ్వేవారు. నవ్వినంత కాలం తీసుకున్నారు.

మనకి గది ఉండదు. కుర్చీ ఉంటుంది గాని అది వేరొకరిది. వాళ్లు రాగానే లేవాలి. తీరపు మ్యాపులున్న గది తాళంచెవి ఆఫీసు గుమాస్తా దగ్గర ఉంటుంది, ఆయన ఎప్పుడూ లంచ్‌లో ఉంటాడు. ఆయన లంచ్ పదకొండింటికి మొదలై సెమిస్టరుతో ముగుస్తుంది. అందుకని నేను బంగాళాఖాతం మొత్తం సుద్దముక్కతో గీసి చెప్పాను. ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను.

విద్యార్థుల సంగతి కూడా ముందే తెలుసుకోండి. సగం మంది సముద్రం కోసం రారు. సివిల్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు హాస్టలు గది కోసం, లైబ్రరీ కార్డు కోసం చేరతారు. కరీంనగర్ కుర్రాడొకడు మొదటి రోజే నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు తెలుగాయన గద, మీకు అబద్ధం చెప్పబుద్ధైతలేదు. నేను హాస్టల్ కోసం చేరిన. అటెండెన్స్ జర చూస్కోండ్రి" అన్నాడు.

"వారానికి ఒక్క క్లాసుకి రా, మిగతాది చూద్దాం" అన్నాను.

"నెలకు రెండు సార్."

"నెలకు మూడు. మూడింటిలోనూ ప్రశ్న అడగాలి."

"ప్రశ్నలు వద్దు సార్, మూడొస్త."

అదీ నా బోధనా పద్ధతి. అతను మూడేసి వచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, మాట నిలబెట్టుకున్నాడు.

పది రోజులు ఒక రోజైన విధం

ఇక నేను చేసిన పెద్ద తప్పు. మీలో ఎవరైనా ఇంకేమీ చదవకపోయినా ఇది చదవండి.

మా సిలబస్‌లో ఫీల్డ్ విజిట్ తప్పనిసరి. పది రోజులు సముద్ర తీరానికి వెళ్లి కొలతలు తీయాలి, జనంతో మాట్లాడాలి. కాగితం మీద అలా ఉంది. నేను చేరిన మొదటి సంవత్సరం విభాగాధిపతిని అడిగాను. అప్పటికే ఆ కుర్చీలో ఉన్నాయన, నేను వచ్చేసేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాయన, డాక్టర్ మల్హోత్రా. చెడ్డవాడు కాదు. ఏ కాగితం మీదా తన సంతకం వల్ల తనకి ఇబ్బంది రాకూడదనుకునేవాడు, అంతే. సంభాషణ హిందీలో జరిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"పది రోజులా, రావ్ సాబ్? అమ్మాయిల తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? తోడు వెళ్లడానికి మేడమ్ ఎవరున్నారు? ఎవరైనా నీళ్లలో పడితే?"

"అయితే ఏడు రోజులు సార్."

"ఏడు రోజులు నీళ్లలో పడరా?"

ఐదు అన్నాను. మూడు అన్నాను. మూడు దగ్గర ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూపు నాకు కొట్టు రోజుల నుంచీ తెలుసు. ఇంకొక్క మాట చాలు, బేరం తెగుతుంది. "పోనీ ఒక్క రోజు సార్, ఊరు దాటకుండా. ఓఖ్లా దగ్గర యమున ఒడ్డుకి తీసుకెళ్తాను. సిటీ బస్సులో వెళ్లి సిటీ బస్సులో వచ్చేస్తాం."

"ఠీక్ హై" అని వెంటనే సంతకం పెట్టాడు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ మీసం మెలేశాను. నాకు మీసం లేదు, అయినా మెలేశాను. సున్నా దగ్గర ఆగాల్సిన బేరాన్ని ఒకటి దాకా తెచ్చాననుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ ఓఖ్లా వెళ్లాం. నలుగురైదుగురు పిల్లలు, ఒక కొలత టేపు, నాలుగు మేకులు. ముక్కు మూసుకుని, నురగ తేలే ఆ నీళ్ల పక్కన నిలబడి తీరరేఖ ఎలా కొలవాలో నేర్పించేవాణ్ణి. "నీళ్లూ నేలా కలిసేచోట మేకు కొట్టండి. కదలని గుర్తు ఒకటి చూసుకోండి, మెట్టు గాని గోడ గాని. అక్కడి నుంచి మేకు దాకా టేపు పట్టండి. కొన్నాళ్లకి మళ్లీ వచ్చి అదే గుర్తు నుంచి కొలవండి. దూరం తగ్గితే నీరు నేలని తిన్నట్టు." పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు.

చదువుతూ చదువుతూ తీరం వాళ్లెవరైనా ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. నేను పట్టుకోవడానికి ఇరవై ఏళ్లకి పైనే పట్టింది.

మౌనిక

మౌనిక వాళ్ల నాన్న సైన్యంలో సుబేదారు. శ్రీకాకుళం జిల్లా వాళ్లు. కంటోన్మెంట్‌లో క్వార్టరు. ఆ పిల్ల అంబాలాలో పుట్టి, జమ్మూలో అక్షరాలు దిద్ది, ఢిల్లీలో డిగ్రీ చేసింది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. నా ఇరవై రెండేళ్లలో సముద్రం కోసం చేరిన అతి కొద్దిమందిలో ఒకతె. "ఎందుకమ్మా?" అంటే, "పాపా కే గావ్ మే సముందర్ హై, సర్. చుట్టీ మే దో దిన్ దేఖ్తే థే" అంది. నాన్న ఊళ్లో సెలవుల్లో రెండు రోజులు చూసిన సముద్రం మీద అంత మోజు.

డిసర్టేషన్‌కి వాళ్ల మేనత్త ఉండే ఊరు ఎంచుకుంది. చిన్న మత్స్యకార గ్రామం. సొంతంగా రెండుసార్లు వెళ్లింది, దసరా సెలవుల్లో ఒకసారి, జనవరిలో ఒకసారి. చేపల వేలం షెడ్డు గోడ నుంచి నీటి అంచు దాకా ఇరవై చోట్ల కొలిచింది. మూడు నెలల్లో సముద్రం ముప్పై మీటర్లకు పైగా ముందుకొచ్చిందని తేలింది. పటాలు గీసింది. ఊళ్లో మత్స్యకార సంఘం పెద్ద, "రాసి ఇయ్యమ్మా, కలెక్టరు గారికి సూపిస్తాం, గోడ కట్టమని అడుగుతాం" అన్నాడట.

మల్హోత్రా గారు మురిసిపోయారు. మౌనికకి ఆయనే గైడు, కాగితం మీద. గెస్టు లెక్చరరుకి గైడుగా ఉండే అర్హత లేదు. మనం వారం వారం కూర్చోబెట్టి చెప్తాం, దిద్దుతాం, మళ్లీ రాయిస్తాం. డిసర్టేషన్ కవరు మీద గైడుగా పర్మనెంటు వాళ్ల పేరు పడుతుంది. ఇది మా దగ్గర ఎవరూ దాచని ఆచారం, కోపం తెచ్చుకుని లాభం లేదు, నేను చాలాసార్లు తెచ్చుకుని చూశాను. గది లేదు కాబట్టి మౌనిక డిసర్టేషన్ మొత్తం మెట్రోలో నడిచింది. నేను జనక్‌పురి వెస్ట్‌లో ఎక్కేవాణ్ణి, తను సదర్ బజార్ కంటోన్మెంట్‌లో ఎక్కేది. ఒకటో అధ్యాయం నిలబడి, రెండో అధ్యాయం సీటు దొరికితే కూర్చుని.

మల్హోత్రా గారు ఆ ఫలితాన్ని పై నెలలో ఒక పెద్ద సెమినార్‌లో చదువుతానని సారాంశం కూడా పంపేశారు. మౌనిక వాళ్ల నాన్నకి జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. మే నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈసారి గడువులోగా డిసర్టేషన్ ఇవ్వకపోతే మళ్లీ ఏడాది ఆగాలి, అప్పటికి ఈ ఊళ్లో ఉండడానికి ఆ పిల్లకి ఇల్లే ఉండదు.

గుల్లలు ఏరే ఆడవాళ్లు

గడువుకి రెండు రోజుల ముందు మెట్రోలో మౌనిక ఫోన్ ఇచ్చి, "సర్, కవర్ పేజ్ కే లియే కౌన్సీ ఫోటో?" అంది. అట్ట మీదికి ఏది పెట్టాలని రెండు ఫోటోలు. ఒకటి దసరా నాటిది, ఒకటి జనవరిది.

మొదటి ఫోటోలో పడవలు తడి ఇసుక మీద ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. వాటికి అవతల నలుగురు ఆడవాళ్లు నడుం వంచి, బుట్టల్లోకి గుల్లలు ఏరుతున్నారు. రెండో ఫోటోలో ఆ పడవలే నీళ్ల మీద తేలుతున్నాయి, అల షెడ్డుకి దగ్గర్లో విరుగుతోంది.

నీళ్లు బాగా లాగేస్తే తప్ప ఎవరూ గుల్లలు ఏరరు.

"ఇది ఎన్నింటికి తీశావమ్మా?"

"సుబహ్, సర్. సాఢే ఛే బజే."

"కొలతలు?"

"అప్పుడే సర్, ఉసీ టైమ్."

"జనవరిలో?"

"లంచ్ కే బాద్. మేనత్త భోజనం పెట్టకుండా పంపలేదు."

నా ఫోన్‌లో ఆ తీరానికి ఆటుపోట్ల పట్టిక తీశాను. దసరాకి తను వెళ్లిన రోజు పొద్దున్న ఆరున్నరకి నీరు పూర్తిగా తీసి ఉంది. జనవరిలో తను వెళ్లిన మధ్యాహ్నం నిండు పోటు. సముద్రం ఆ ఊరి నేలని తినలేదు. రోజుకి రెండుసార్లు చేసే పనే చేసింది. మూడు నెలల కోత అని మేం పటం గీసినది ఆరు గంటల్లో వచ్చి, ఆరు గంటల్లో వెళ్లేదే.

చెప్పాను. మౌనిక కాసేపు కిటికీ వైపు చూసింది. సొరంగంలో చూడడానికేమీ లేదు.

"పానీ ఊపర్ నీచే హోతా హై, వో తో మైనే దేఖా థా సర్. నీళ్లు ఎక్కడం దిగడం చూశాను! లేకిన్ మీరే చెప్పారు. నీళ్లూ నేలా కలిసేచోట మేకు కొట్టమని. టైమ్ రాయమని ఎప్పుడు చెప్పారు?" అంత తెలుగు తన నోట అప్పటిదాకా వినలేదు. తిట్టడానికి మాతృభాషే కావాలి కాబోలు.

ఎప్పుడూ చెప్పలేదు. యమున ఒడ్డున దాని అవసరం రాలేదు. ఓఖ్లాలో పొద్దున్న కొలిచినా సాయంత్రం కొలిచినా నీరు దాదాపు అక్కడే ఉంటుంది. ఆటుపోట్ల పాఠం నేను వేరే చెప్పాను, చంద్రుడి బొమ్మ గీసి, సుద్దముక్కతో. ఆ పాఠమూ ఈ కొలతా ఒకచోట కలవాలని పిల్లలకి నేర్పాల్సిన స్థలం సముద్రపు ఒడ్డు. దాన్నే నేను "పోనీ ఒక్క రోజు సార్" అని వదులుకున్నాను. పది రోజులూ బేరమాడి తగ్గించుకుంటూ ధర తగ్గిస్తున్నాననుకున్నాను. నేను మార్చింది వల కన్ను.

ఇంకో సిగ్గుచేటు సంగతి. చిన్నప్పుడు నాకు పోటు ఎప్పుడో కొట్టులో గల్లా దగ్గర కూర్చునే తెలిసేది. పడవలు కదిలే వేళకి కొట్టు ఖాళీ అయిపోయేది. అంత ఒంటబట్టిన సంగతి కాబట్టే నోటితో చెప్పాలని తోచలేదు.

ఆ సాయంత్రం వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. సుబేదారు గారు టీ ఇప్పించి, అంతా విని, కప్పు కింద పెట్టారు.

"ఏటి మాస్టారూ! ఇసక మీద నీళ్లు కొలిసినప్పుడు ఏ యేళకి కొలిసినామో రాసుకోవాలని మా ఊళ్లో పిల్ల గుంటలకి కూడా తెలుసు గదా!"

"మీకు తెలుసు గదండీ, మరి అమ్మాయికి ముందే చెప్పాల్సింది!"

"నన్నెవులడిగినారు బాబూ? మీరు యూనివర్సిటీ వోళ్లు. టేపులట, కంప్యూటర్లట. నానెక్కడ నోరెత్తుతాను?"

ఇంట్లోనే గురువుని పెట్టుకుని ఆ పిల్ల రోజూ మెట్రో ఎక్కి నా దగ్గరికి వచ్చింది.

గుమ్మం దగ్గర

మర్నాడు మల్హోత్రా గారి గదికి వెళ్లాను. విషయం చెప్పి, పదిహేను రోజుల గడువు అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఛోడియే, రావ్ సాబ్. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు కొండల మనిషి. ఎవరు చూస్తారు? అమ్మాయి మంచి మార్కులతో బయటపడుతుంది."

"ఆ ఊరివాళ్లు ఈ కాగితం కలెక్టరుకి ఇస్తారు సార్. ఎవరో ఒకరు వెళ్లి కొలిచి తప్పని తేలిస్తే, రేపు నిజంగా కోత వచ్చినా వాళ్ల మాట నమ్మరు."

"అది మన పరిధి కాదు."

"పన్నెండు రోజులు."

"గడువు గడువే."

లేచాను. బేరంలో గుమ్మం దాకా వెళ్లడం ఒక విద్య. అవతలివాడు వెనక్కి పిలవాలి. ఆయన పిలవలేదు. గుమ్మంలో వంగి చెప్పు సరిచేసుకున్నాను. అయినా పిలవలేదు. రెండో చెప్పు కూడా సరిచేసుకున్నాను. ఇంక సరిచేసుకోవడానికి చెప్పులు లేక, నా అంతట నేనే తిరిగాను. మా నాన్న చూసి ఉంటే కొట్టు కట్టేసేవాడు.

అప్పుడు తోచింది, నా దగ్గర ఉన్న ఒకే ఒక్క సరుకు.

"సార్, ఆ సెమినార్‌కి విశాఖ నుంచీ చెన్నై నుంచీ మనుషులు వస్తారు. సముద్రం పక్కన పుట్టినవాళ్లు. ఫోటోలో ఆ గుల్లలు ఏరే ఆడవాళ్లని నేను ఒక్క నిమిషంలో పట్టుకున్నాను, వాళ్లకి అంత కూడా పట్టదు. లేచి అడుగుతారు. అడిగేది నన్ను కాదు సార్. కవరు మీద నా పేరు లేదు గదా."

ఇరవై రెండేళ్లు నన్ను మండించిన ఆచారం ఆ ఒక్క నిమిషం నా పక్షాన నిలబడింది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. క్యాలెండరు చూశాడు.

"పది రోజులు. కాని ఎందుకిస్తున్నానో ఫైల్లో ఉండాలి. బోధనలో పొరపాటు మీదని మీ చేత్తో రాసివ్వండి."

అది ఫైల్లో ఉంటే వచ్చే జూలై ఇంటర్వ్యూలో ఎవరు ఎదురుగా కూర్చున్నా దాన్నే తీస్తారు. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. పదిని పన్నెండు చేయమని నోటిదాకా వచ్చింది. మింగేసి కాగితం అడిగాను. ఆయన పెన్ను కూడా ఇచ్చాడు, మంచి పెన్ను.

సగం సగం

సుబేదారు గారు సెలవు పెట్టి కూతుర్ని తీసుకుని ఆ రోజే రైలెక్కారు. రానూ పోనూ ప్రయాణం పోగా ఊళ్లో ఐదు రోజులు మిగిలాయి. తండ్రి టేపు ఒక చివర పట్టుకున్నాడు, కూతురు రెండో చివర. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా గంట గంటకీ కొలిచారు, ప్రతి కొలత పక్కనా వేళ రాశారు. నీరు ఎక్కడిదాకా వచ్చి చెత్త వదిలి వెళ్తుందో ఆ గీతని ఊరి ఆడవాళ్లు చూపించారు. అదే అసలు కొలవాల్సిన గీత. మూడు నెలల్లో కోత ఉందో లేదో తేల్చడానికి ఈ కొలతలు చాలవని మౌనిక రాసింది. ఏడాదంతా ఎలా కొలవాలో కూడా రాసి, ఆ పద్ధతి సంఘం పెద్దకి తెలుగులో చెప్పి వచ్చింది. ఆయన కాస్త డీలాపడ్డాడట. "ఇప్పుడు గోడ రాదన్నమాట" అన్నాడట. "కొలవండి తాతా, కొలిస్తే అప్పుడు ఎవరూ కాదనలేరు" అందట.

పదో రోజు పొద్దున్న మెట్రోలో ఆఖరి ప్రతి నా చేతిలో పెట్టింది. తన మొదటి కొలతలు తీసెయ్యలేదు. అవి ఎందుకు తప్పో ఒక అధ్యాయం చేసింది. చివర ఒక వాక్యం ఉంది: వేళ నమోదు చేయకపోవడం పరిశోధకురాలి పొరపాటు.

"ఇది మార్చు. నేర్పినవాడి పొరపాటు అని రాయి. ఫైల్లో ఎలాగూ అదే ఉంది."

"నహీ సర్. టేప్ మేరే హాథ్ మే థా."

"నీ చేతికి టేపు ఇచ్చింది నేను."

"మైనే ఆంఖోం సే దేఖా థా, సర్. నీళ్లు వెళ్లడం, రావడం. చూసి కూడా రాయలేదు."

"చూసినా రాయకూడదన్నట్టు నేర్పింది నేను. ముప్పావు వంతు నాది, పావు నీది."

"హాఫ్ హాఫ్, సర్. ఫైనల్."

మేం దిగాల్సిన యూనివర్సిటీ స్టేషను దాటి పోతున్నాం, తను దిగే ప్రయత్నం చెయ్యలేదు. చెప్పు సరిచేసుకుందామనుకున్నాను. చేసుకోలేదు. సరే అన్నాను. నా జీవితంలో మొదటి ధరకి ఒప్పుకున్న బేరం అది ఒక్కటే. "నేర్పడంలోనూ నేర్చుకోవడంలోనూ జరిగిన పొరపాటు" అని పెన్నుతో దిద్ది, ఆ ఒక్క పేజీ యూనివర్సిటీ గేటు ముందు మళ్లీ ప్రింటు తీయించి ఇచ్చేసింది.

పాసయింది. ఆ పాత పటాలతో ఇచ్చి ఉంటే వచ్చేటన్ని మార్కులు రాలేదు. మల్హోత్రా గారు సెమినార్‌లో వేరే సంగతేదో చదివారు. మే నెలాఖరుకి వాళ్లు క్వార్టరు ఖాళీ చేశారు. మౌనిక డిగ్రీ చేత్తో పట్టుకునే జోధ్‌పూర్ వెళ్లింది. తర్వాత తూర్పు తీరంలో ఒక సర్వే బృందంలో పని దొరికింది. అప్పుడప్పుడూ ఫోటోలు పంపుతుంది. ప్రతి ఫోటో కింద వేళ ఉంటుంది. అడక్కుండానే.

జూలైలో నాకు ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. నన్ను ఎవరూ తీసెయ్యలేదు. పిలవలేదు, అంతే. ఆఫీసుకి ఫోన్ చేస్తే గుమాస్తా లంచ్‌లో ఉన్నాడు. అలా రిటైరయ్యాను.

ఇప్పుడు నా చోట్లోకి వచ్చినామె కిందటి వారం ఫోన్ చేసింది. మల్హోత్రా గారు తనకీ ఓఖ్లాయే ఇచ్చారట. మూడు రోజులు సముద్రానికి అడగమన్నాను. ఇవ్వరని నాకు తెలుసు. తగ్గించుకోవద్దని చెప్పాను, అడుగుతూనే ఉండమన్నాను. "సరే సార్, ఈలోగా ఓఖ్లాకి ఏం తీసుకెళ్లాలి?" అంది.

టేపు, నాలుగు మేకులు, ఒక గడియారం. ప్రతి కొలత పక్కనా వేళ రాయించండి. యమున ఒడ్డున దాని అవసరం లేదని నాకూ తెలుసు. అయినా రాయించండి.